ఫిడేలు ఫారిన్ వాద్యమట!

సంపాదకులకు నమస్కారం.

మొన్న మా ఊళ్లో పిల్లలకు 'మన వాద్యాలు' అని పోటీ పెట్టారు. మా మనవరాలు ఫిడేలు పెట్టె పట్టుకుని వెళ్తే, "ఇది ఫారిన్ ఇన్‌స్ట్రుమెంట్, పేరు రాసుకోలేం" అన్నారు. ఆ వెనకే ఒక బాబు హార్మోనియం వాయించి ప్రైజు కొట్టాడు. హార్మోనియం పుట్టిల్లు పారిస్ అని నోటిదాకా వచ్చింది. పసివాడి ప్రైజు పోతుందని ఊరుకున్నాను.

ఇంకెక్కడన్నా అంటే సరే, విజయనగరంలోనా ఈ మాట? 1919లో పెట్టిన మా సంగీత కళాశాలకు ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్. తర్వాత ఆ కుర్చీలోకి వచ్చింది ఫిడేలు ద్వారం వెంకటస్వామి నాయుడు గారు!

దొరలు గడ్డం కింద నొక్కిపెట్టుకునే ఫిడేలును మనవాళ్లు చాప మీద కూర్చుని కుడికాలి మడమ దగ్గర ఆనించారు. తీగల్ని స, ప, స, ప అని శ్రుతి చేశారు. బరువంతా కాలి మీద ఉంటుంది కాబట్టి ఎడమచెయ్యి తీగ మీద హాయిగా జారుతుంది, స్వరాన్ని ఊపి పలికించే గమకం పలుకుతుంది. అది మనదని చెప్పడానికి నాకు ఆ జారుడు చాలు. చెక్క ఎక్కడిదైతేనేం? సంగీత త్రిమూర్తుల్లో ఒకరైన ముత్తుస్వామి దీక్షితులు బ్రిటిష్ వాళ్ల జాతీయగీతం బాణీకే సంస్కృత సాహిత్యం కట్టారు. ఆయన్ని ఏ పోటీ నుంచి పంపించేస్తారు?

ద్వారం వారు పుట్టిన 1893లోనే, న్యూయార్క్‌లో ఉంటున్న డ్వోర్జాక్ అనే చెక్ దేశస్థుడు తన తొమ్మిదో సింఫనీ (పెద్ద వాద్యబృందం వాయించే రచన) పూర్తి చేశాడు. అక్కడి నల్లజాతివారి పాటలంటే ఆయనకు మహా ఇష్టం. అందులో నెమ్మదిగా సాగే రెండో భాగాన్ని ఆ రాత్రి ఫోన్‌లో పెట్టాను. అలిగి ముసుగుతన్ని పడుకున్న పిల్ల, "తాతా, గపప గరిస... మోహన రాగమే!" అని లేచి కూర్చుంది. మోహనం కాదు లెండి, గమకం లేదు, కాసేపటికి వేరే స్వరాలూ వస్తాయి. అయినా ఆ మొదటి వరుస పట్టుకోవడానికి దానికి చెక్ భాష రానక్కర్లేకపోయింది.

పోటీ పెట్టినవారికి ఒకటే మనవి. వచ్చే ఏడాది రూల్స్ రాసేముందు ఏ పిల్ల చేతనైనా ఫిడేలు మీద ఒక్క కీర్తన వాయించుకుని వినండి. మావల్ల కాదంటారా, ఆ హార్మోనియం రూలేమిటో మాక్కూడా చెప్పండి. మా పిల్లయితే ఇక రానంటోంది. ఇంకా బతిమాలుతూనే ఉన్నాను.

- ఒక విశ్రాంత లెక్కల మాస్టారు,
మూడులాంతర్ల దగ్గర, విజయనగరం