ముందు చదునైన చోటు చూడరా

ఫీనిక్స్

ఒరేయ్ రవీ,

నువ్వు పంపిన వీడియో మళ్లీ మళ్లీ చూశాను. నీ జీప్‌లో స్వే బార్‌ని విడదీసే బటన్ నొక్కితే దాని లైటు టపటపా కొట్టుకుంటోందే గానీ నిలకడగా వెలగడం లేదు. వెనకాల చెల్లెమ్మ "ఇంక ఆపేసి అన్నానికి రండి" అనడం కూడా బాగా వినపడింది. షాపులో బండి కింద తల కూడా పెట్టకుండానే ఆ బార్‌ని విడదీసే యూనిట్ మొత్తం మార్చాలన్నారని రాశావు చూడు, అక్కడ నాకు ఒళ్లు మండింది. పైసా కట్టకు, ఆగు. అసలు ఆ వీడియోలో నీ డ్రైవ్‌వే చూశావా? వీధివైపుకి వాలు, పైగా ముందు చక్రం ఒకటి గడ్డిలోకి దిగి ఉంది. అలాంటి చోట నిలబెట్టి బటన్ నొక్కితే కొత్త బండి కూడా మొరాయిస్తుంది.

ఎందుకంటే, ఆ బార్ అంటే ఎడమ చక్రాన్నీ కుడి చక్రాన్నీ జతచేసే ఉక్కు కడ్డీ. మలుపులో బండి ఒక పక్కకి ఒరగబోతే మెలి తిరిగి ఎదురు నిలుస్తుంది. రోడ్డు మీద దేవుడే. రాళ్లలోకి వెళ్తే మాత్రం ఒక చక్రం బండ ఎక్కగానే రెండోదాన్నీ పైకి లాగుతుంది, అది నేల వదిలేస్తుంది, పట్టు పోతుంది. ముందు యాక్సిల్ ఒకే దూలంలా ఉన్న నీ బండి లాంటిదానికి దాన్ని విడదీస్తే వచ్చే తేడా చాలా ఎక్కువ. నీ జీప్ రకమైన రూబికాన్‌లో 2007 నుంచీ ఈ పని మోటారు చేస్తోంది. కడ్డీ మధ్యలో రెండు ముక్కలు, వాటిని కలిపి పట్టుకునే పళ్ల కాలర్. కాలర్ పక్కకి జరిగితే రెండు ముక్కలూ వేటికవే తిరుగుతాయి. కానీ బండి ఒరిగి ఉంటే కడ్డీ తడిబట్ట పిండినట్టు మెలితిరిగి ఉంటుంది, పళ్లు బిగుసుకుపోతాయి. ఆ చిన్న మోటారు ఎంతని లాగుతుంది పాపం! లైటు కొట్టుకుంటోందంటే ఇంకా తంటాలు పడుతోందని అర్థం.

కాబట్టి రేపు పొద్దున్నే చదునైన పార్కింగ్ స్థలానికి తీసుకెళ్లు. వెనకాల ఒక పక్కనే పేర్చిన సామాన్లు దించెయ్. స్టీరింగ్ తిన్నగా పెట్టి 4L (నాలుగు చక్రాలూ తిరిగే తక్కువ గేరు) వేసి బటన్ నొక్కు. లైటు ఇంకా కొట్టుకుంటుంటే కొద్దిగా ముందుకీ వెనక్కీ నడుపు, లేదా పెద్దోణ్ణి దిగి పక్కనుంచి బండిని ఊపమను. బిగువు సడలిన క్షణంలో కాలర్ జరిగిపోతుంది. మళ్లీ కలిసేటప్పుడు కూడా ఇదే తంతు. ఇంకోటి, గంటకి 18 మైళ్లు దాటితే అదే కలిసిపోతుంది, 14 కంటే తగ్గితే మళ్లీ విడిపోవడానికి చూస్తుంది. దారి మధ్యలో లైటు మారిందని కంగారుపడకు.

అప్పటికీ కాకపోతే చెవిని నమ్ముకో. చెల్లెమ్మని బటన్ నొక్కమని నువ్వు ముందు బంపరు దగ్గర కూర్చుని విను. మోటారు గుయ్యిమంటూ కూడా బార్ విడవకపోతే గొడవ లోపలి పళ్లలోనో గేర్లలోనో ఉంది. అసలు చప్పుడే లేదంటే కరెంటు అందడం లేదు, లేదా మోటారు పోయింది. ముందు ఫ్యూజు చూడు, తర్వాత యూనిట్‌కి వచ్చే కనెక్టర్ విప్పు. పోయిన వానల్లో వాగు దాటానని గొప్పగా ఫోటోలు పెట్టావుగా, నా అనుమానం దాని మీదే. పిన్నుల మీద పచ్చగా చిలుము పట్టి ఉంటే కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, బాగా ఆరనిచ్చి, డైఎలక్ట్రిక్ గ్రీజు (కనెక్టర్‌లోకి తడి చేరనివ్వనిది) పూసి బిగించు. నీళ్లు మోటారు గూటిలోకే వెళ్లి ఉంటే అది వేరే కథ. వారంటీ ఉందేమో చూసుకో. లేకపోతే మోటారు స్థానంలో చేత్తో తిప్పే లివర్ పెట్టే కిట్లు దొరుకుతాయి. నన్నడిగితే అదే మేలు. తెగడానికి వైరే ఉండదు.

నా బండికి ఎలాగూ బటన్ లేదు, పిన్నులే. యాక్సిల్ దగ్గర పిన్ను లాగి, లింకుని (కడ్డీ చివరని యాక్సిల్‌కి కలిపే ముక్కని) పైకి మడిచి ఫ్రేముకి కట్టేస్తాను. గట్టిగా కట్టాలి, వేలాడితే టైరుకో బ్రేకు పైపుకో తగిలి కొంప ముంచుతుంది. ఇక్కడి దుమ్ముకి పిన్నులు బిగుసుకుపోతాయి, అందుకే ప్రతిసారీ తుడిచి గ్రీజు రాస్తాను. తిరిగి పెట్టేటప్పుడు ఒక పక్క హాయిగా కూర్చుంటుంది, రెండో పక్క వేలెడు తేడాతో ఏడిపిస్తుంది. చాలామంది సుత్తి తీసేది అక్కడే. సుత్తెందుకురా, బంపరు మూల మీద ఒక మనిషి నిలబడితే చాలు! బండి ఎత్తు పెంచిన వాళ్లకి లింకుల పొడవు కూడా పెంచుకోవాలి, లేకపోతే కడ్డీ చేతులు ఎప్పుడూ వంకరగానే ఉంటాయి, రోడ్డు మీద టకటక మోత.

యూటాలోని మోయబ్‌లో హెల్స్ రివెంజ్ అనే రాళ్ల దారికి వెళ్తానంటున్నావు కదా, అక్కడ ట్రైల్ మొదలవగానే సన్నటి రాతి వీపు మీదకి ఎక్కిస్తుంది. టైర్లలో గాలి తగ్గించే చోటే, ఇంకా చదునుగా ఉండగానే, బటన్ నొక్కేసెయ్. లైటు నిలకడగా వెలిగాక ఒక ముందు చక్రాన్ని చిన్న రాయి మీదకి ఎక్కించి, హ్యాండ్ బ్రేకు వేసి, దిగి చూడు. కడ్డీ చేతులు రెండూ వేరువేరు కోణాల్లో ఉంటే నిజంగా విడిపోయినట్టు. అయితే పక్కవాలుగా నడవాల్సిన చోట మాత్రం బార్ కలిపి ఉండటమే నాకిష్టం, బండి ఒరుగుడు తగ్గుతుంది. కొందరు ఒప్పుకోరులే.

రేపు ఆ మోటారు చప్పుడు రికార్డు చేసి పంపు. చప్పుడు లేకపోతే కనెక్టర్ ఫోటో పంపు, దగ్గర్నుంచి తియ్యి. షాపుకి మాత్రం నేను చెప్పేదాకా ఫోన్ చెయ్యకు.

నీ
శీను