తాతయ్య నిన్నెందుకు అడగలేదంటే

పర్లాకిమిడి

అమ్మలూ,

ప్రభువు నామంలో శుభాలు. నానమ్మ ఇప్పుడిప్పుడే కాస్త అన్నం తింటోంది. మొన్న నువ్వు ఫోన్ చేసినప్పుడు ఇంటినిండా చుట్టాలు. అందుకే ఈ ఉత్తరం.

"నేను బాప్తిస్మం తీసుకోకుండానే తాతయ్య వెళ్లిపోయారు. బాధపడ్డారా అమ్మా?" అని అడిగావు. బాధపడ్డారు. నీ దగ్గర దాపరికం ఎందుకు? రాత్రి కుటుంబ ప్రార్థనలో అందరి పేర్లూ చెప్పుకుంటూ వచ్చి, నీ పేరు దగ్గర కాసేపు ఆగేవారు. కానీ ఆ బాధ నీదాకా రానివ్వకూడదనుకున్నారు. భూస్థాపన రోజున మాట్లాడినవాళ్లు భక్తిపరుడన్నారు, ప్రార్థనాపరుడన్నారు, సంఘంలో పరిచర్య చేసే మంచి డీకనన్నారు. ఏ డీకను పోయినా ఆ మాటలే అంటారులే. ఈ సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు.

మా పుట్టింటివాళ్లు జయపురం లూథరన్లు కదా. 1882లో జర్మనీ నుంచి కోరాపుట్ వైపు వచ్చిన బ్రెక్లుం మిషనువాళ్ల సంఘం మాది. పసిబిడ్డగా ఉన్నప్పుడే మా పాస్టరు అయ్యగారు నా నెత్తిన నీళ్లు పోసి బాప్తిస్మం ఇచ్చేశారు. ఇక్కడ, కెనడా బాప్టిస్టు మిషను సంఘాల్లో అది చెల్లదు. బిడ్డను తెచ్చి దేవునికి ప్రతిష్ఠ చేయిస్తారు, అంతే. పెద్దయ్యాక తనకు తానుగా నమ్మి, సంఘం ముందు ఒప్పుకుని, నీళ్లలో మునిగితేనే బాప్తిస్మం. అది లేనివాళ్లకు ప్రభువు బల్ల లేదు, ఆ రొట్టె, ద్రాక్షరసం ఇవ్వరు.

పెళ్లయ్యాక వచ్చిన మొదటి బల్ల ఆదివారం మామయ్యగారే, అంటే మీ తాతయ్యే, రొట్టె పళ్లెం పట్టుకుని వరసల వెంట వచ్చారు. నా పక్కావిడకిచ్చి, నన్ను దాటి, అవతలావిడకిచ్చారు. కొత్త కోడల్ని, పట్టుచీరలో ఉన్నాను, గుడంతా నన్నే చూస్తోంది. నాకు ఒళ్లు మండిపోయింది. ఇంటికొచ్చాక ఆయనే పీట వేసి నన్ను కూర్చోమన్నారు. "ఆ పళ్లెం నాది కాదమ్మా. ఈ ఇంట్లో అన్నం నాది" అని తన చేత్తో వడ్డించారు. మామగారు కోడలికి వడ్డించడమేమిటని నానమ్మ రెండు రోజులు సణిగింది. ఆ తర్వాత బల్ల ఆదివారాలన్నిటా మొదటి వడ్డన నాకే. రైల్లో గార్డు కదా, నౌపడా డ్యూటీ పడితే చేపలు కూడా తెచ్చేవారు.

నాకై నాకు నమ్మకం కుదిరి, బాప్తిస్మం తీసుకుంటానని నేను చెప్పినప్పుడు ఆయన గంతులేస్తారనుకున్నాను. "ఎవరైనా ఏమైనా అన్నారా? మీ ఆయన అడిగాడా? అత్తగారా?" అని విచారణ మొదలుపెట్టారు. అంతటితో వదల్లేదు, బస్సెక్కి జయపురం వెళ్లారు. "మీరిప్పించిన బాప్తిస్మాన్ని తక్కువ చేయడానికి కాదు, మీ మనసు కష్టపడితే అమ్మాయి ఇంకొన్నాళ్లు ఆగుతుంది" అని మా నాన్నతో చెప్పారట. మా నాన్న రెండు రోజులు ముభావంగా ఉన్నా, ఆ రోజుకి వచ్చారు. మహేంద్రతనయ ఏటి ఒడ్డున చేతులు కట్టుకుని నిలబడ్డారు. నేను నీళ్లలోంచి లేచేసరికి మామయ్యగారు తువ్వాలు నాకివ్వకుండా తీసుకెళ్లి మా నాన్న చేతిలో పెట్టారు. నా తల తుడిచింది మా నాన్నే.

మీ చిన్నాన్న సంగతి నీకు తెలిసిందే. ఇవాళ్టికీ తీసుకోలేదు. డీకను కొడుకే ఇలా ఉంటే ఎలాగని సంఘ పెద్దలు తాతయ్యను నిలదీశారు. "ముంచడానికి రెండు నిమిషాలు చాలు. వాడు ఒప్పుకోకుండా ముంచితే వాడి బట్టలు తడుస్తాయి, అంతే కదండీ" అన్నారు. కావాలంటే డీకను పని మానేస్తానన్నారు కూడా. వాళ్లే వద్దన్నారు. మీ చిన్నాన్న మొండివాడు, కావాలనే నడవ పక్కనే కూర్చునేవాడు. తాతయ్య పళ్లెంతో వాణ్ణి దాటుకుంటూ వెళ్లేవారు, ప్రతి నెలా. విశ్వాసం ఎవరిది వాళ్లకే పుట్టాలని ప్రసంగంలో చెప్పడం తేలిక. పిల్లలంటే ప్రాణం పెట్టే మనిషి ఆ మాట కన్నకొడుకు దగ్గర నిలబెట్టుకోవడం నేను ఈ ఇంట్లోనే చూశాను.

ఇంట్లో ఆయన గొప్పలన్నీ ఊరి గురించే. పురుషోత్తమ చౌదరి గారి కీర్తన ఎత్తితే చాలు, "1803లో మన పర్లాకిమిడి పక్కనే పుట్టారు" అనకుండా రెండో చరణానికి వెళ్లేవారు కాదు. 1936లో మన ఊరు ఒడిశాలోకి వచ్చి పాతపట్నం సరిహద్దుకి అవతల ఉండిపోయింది కదా, నానమ్మతో పోట్లాట వస్తే "మీ రాష్ట్రం పో" అని ఏడిపించేవారు. నౌపడా నుంచి గుణుపురానికి 90 కిలోమీటర్లు, ఆ చిన్న రైల్లో గార్డు ఉద్యోగమంటే కలెక్టరు ఉద్యోగమన్నట్టు చెప్పేవారు. 2004లో దాన్ని ఆపేసేముందు నిన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుని గుణుపురం దాకా తీసుకెళ్లారు. నీకు గుర్తుందో లేదో! ఆ దారిలో పరిచయమైన సవరవాళ్లు భూస్థాపనకు వచ్చి వాళ్ల భాషలో పాడారు. అర్థం కాకపోయినా నానమ్మ మొదటిసారి ఏడ్చింది అప్పుడే.

ఇక నీ మాట. కిందటి క్రిస్మస్‌కి మీ అత్త అందరి ముందూ "ఎప్పుడే నీ బాప్తిస్మం?" అని నిన్ను పట్టుకుంటే నువ్వు విసురుగా పెరట్లోకి వెళ్లిపోయావు. ఆ తర్వాత జరిగింది నువ్వు వినలేదు. తాతయ్య మీ అత్తతో, "దాని సంగతి అదీ ప్రభువూ చూసుకుంటారు. నువ్వు అరిసెలు చూడు, మాడుతున్నాయి" అన్నారు. నిజంగానే మాడాయి.

జ్ఞాపకార్థ కూడిక వచ్చే నెల మొదటి శనివారం. సెలవు దొరికితే విశాఖలో గుణుపురం ప్యాసింజరెక్కు. మర్నాడు బల్ల ఆదివారం. గుడికి వస్తే మీ చిన్నాన్న పక్కన కూర్చో, రాకపోయినా నిన్నెవరూ ఏమీ అనకుండా నేను చూసుకుంటాను. కూడికలో మాట్లాడతానని మీ చిన్నాన్న తనే పేరిచ్చాడు. ఏం చెబుతాడో అని పాస్టరు గారికి దిగులు పట్టుకుంది. నా మాట వినడు, నువ్వు ఫోన్ చేసి పది నిమిషాల్లో ముగించమను.

మీ అమ్మ