ఫీజుకు గుర్తొచ్చే మేము జ్వరానికి ఎందుకు గుర్తురాము? విద్యాశాఖ మంత్రి గారికి ఒక తల్లి బహిరంగ లేఖ

గౌరవనీయులైన విద్యాశాఖ మంత్రి గారికి నమస్కారాలతో,

నా కూతురు ఇంజనీరింగ్ రెండో సంవత్సరం చదువుతోంది. కాలేజీ హాస్టల్లో ఉంటోంది. తనక్కడ చేరినప్పటి నుంచి కాలేజీ నా ఫోన్‌కు పంపిన మెసేజ్‌లు రెండే రకాలు. ఫీజు కట్టడానికి గడువు ముగుస్తోంది, ఆలస్యమైతే ఫైన్ పడుతుంది అన్నది ఒకటి. మీ అమ్మాయి అటెండెన్స్ తగ్గింది, ఇలాగైతే పరీక్ష రాయనివ్వం అన్నది ఇంకొకటి. హాస్టల్ వార్డెన్ మారారని ఎవరూ చెప్పలేదు. క్యాంపస్‌లో డాక్టరు ఏ వేళల్లో ఉంటారో, కౌన్సెలర్ అనే మనిషి అసలు ఉన్నారో లేరో, స్కాలర్‌షిప్ రెన్యువల్‌కు ఆఖరు తేదీ ఎప్పుడో కూడా చెప్పలేదు. నాకు తెలిసిన చాలామంది తల్లిదండ్రులది ఇదే పరిస్థితి కాబట్టి ఈ ఉత్తరం అందరికీ తెలిసేలా రాస్తున్నాను.

కిందటి వానాకాలంలో హాస్టల్లో చాలామంది పిల్లలకు ఒకేసారి జ్వరాలు వచ్చాయి. "అమ్మా, నా రూమ్‌మేట్‌ను ఇంటికి పంపించేశారు" అని మా అమ్మాయి సాయంత్రం ఫోన్ చేస్తే గానీ నాకు తెలియలేదు. రాత్రి అయ్యేసరికి పేరెంట్స్ వాట్సాప్ గ్రూపులో ఒకటే గోల. డెంగ్యూ అని ఒకరు, కామెర్లు అని ఇంకొకరు, మంచినీళ్ల ట్యాంకులో ఏదో పడి చచ్చిందని మరొకరు. ఎవరో ఆసుపత్రి వీడియో ఒకటి పెట్టారు. వరసగా మంచాలు, సెలైన్ బాటిళ్లు. అది మన పిల్లలది కాదు, ఎక్కడిదో పాత వీడియో అని తేలేసరికి అర్ధరాత్రి దాటింది. వార్డెన్ నంబరు ఎప్పుడు చేసినా ఎంగేజ్. ఆఫీసు ల్యాండ్‌లైన్ మోగీ మోగీ ఆగిపోయేది. కొందరు తండ్రులు ఆ రాత్రికి రాత్రే బస్సెక్కారు.

తీరా చూస్తే కాలేజీ వాళ్లు చేయాల్సిన పని చేశారు. డాక్టరును పిలిపించారు, రక్తపరీక్షలు చేయించారు, ట్యాంకులు కడిగించారు. ఆ మాట నేను దాచను. మాకు ఒక్క ముక్క చెప్పకపోవడం దగ్గరే వచ్చింది చిక్కంతా. "హాస్టల్లో ఇంతమందికి జ్వరం వచ్చింది, డాక్టరు చూశారు, రిపోర్టులు రేపు వస్తాయి, మాట్లాడాలంటే ఈ నంబరుకు ఫోన్ చేయండి" అని నాలుగు వాక్యాలు పంపి ఉంటే ఎంతమంది ఆ రాత్రి కంటినిండా నిద్రపోయేవారో! ఫీజు మెసేజ్ పంపే కంప్యూటర్‌తోనే ఇదీ పంపవచ్చు కదండీ. కొత్తగా కొనాల్సిందేమీ లేదు.

మంత్రిగారూ, నేను కొత్త చట్టం అడగడం లేదు. ఉన్న నిబంధనలు చదివితే చాలా వరకు దారి వాటిలోనే కనిపిస్తోంది.

ర్యాగింగ్ మీద సుప్రీంకోర్టు ఆదేశాలతో ఆర్.కె.రాఘవన్ కమిటీ ఏర్పడింది. 2007లో నివేదిక ఇచ్చింది. 2009 మార్చిలో హిమాచల్ ప్రదేశ్‌లో అమన్ కచ్రూ అనే వైద్య విద్యార్థి ర్యాగింగ్‌కు బలైపోయాడు. అదే సంవత్సరం యూజీసీ (విశ్వవిద్యాలయాల గ్రాంట్ల కమిషన్) ర్యాగింగ్ నిరోధక నిబంధనలు తెచ్చింది, 1800-180-5522 హెల్ప్‌లైన్ మొదలైంది. కొడుకును పోగొట్టుకున్న ఆ తండ్రి తర్వాత ఏళ్ల తరబడి ఈ వ్యవస్థ కోసమే పనిచేశారు. ఆ నిబంధనల ప్రకారం విద్యార్థితో పాటు తల్లిదండ్రులు కూడా హామీపత్రం మీద సంతకం పెట్టాలి. మేం పెడుతున్నాం. అడ్మిషన్ రోజు కౌంటర్ దగ్గర కాగితాల కట్టలో ఎక్కడ టిక్కు పెడితే అక్కడ సంతకం చేసి వస్తున్నాం.

అవే నిబంధనల్లో కాలేజీ చేయాల్సినవి కూడా రాసి ఉన్నాయి. కొత్తగా చేరిన ప్రతి విద్యార్థికి, కష్టం వస్తే ఎవరిని కలవాలో ఫోన్ నంబర్లతో సహా అచ్చువేసిన కరపత్రం ఇవ్వాలి. వార్డెన్ ఏ వేళకైనా ఫోన్‌లో దొరకాలి, అందుకు కాలేజీయే ఆయనకు మొబైల్ ఇవ్వాలి, ఆ నంబరు హాస్టల్లో ఉన్న విద్యార్థులందరికీ తెలియాలి. మొదటి మూడు నెలల్లో పదిహేను రోజులకోసారి, పేర్లు అడగకుండా, కొత్త పిల్లల దగ్గర సర్వే చేయాలి. అన్నింటికన్నా నన్ను ఆశ్చర్యపరిచింది ఇంకొకటి ఉంది. మొదటి సంవత్సరం పూర్తవుతున్న పిల్లల తల్లిదండ్రులకు విద్యాసంస్థ అధిపతి ఏటా చివర్లో ఒక ఉత్తరం రాయాలట! ఈ నిబంధనల గురించి వివరించి, తిరిగి వచ్చాక ర్యాగింగ్ జోలికి పోవద్దని మీ పిల్లలకు చెప్పండి అని అడగాలట. మా అమ్మాయి మొదటి సంవత్సరం పూర్తిచేసింది. నాకు ఆ ఉత్తరం రాలేదు. మా గ్రూపులో అడిగి చూశాను, వచ్చిందన్నవాళ్లు ఒక్కరూ లేరు.

అంటే తల్లిదండ్రులకు ఉత్తరం రాయడమన్న ఆలోచన ప్రభుత్వానికి ఎప్పుడో వచ్చింది. మేం పెట్టాల్సిన సంతకం మాత్రం క్రమం తప్పకుండా తీసుకుంటున్నారు, మాకు రావాల్సిన ఉత్తరం దారిలో ఎక్కడో ఆగిపోయింది.

2023లో యూజీసీ విద్యార్థుల ఫిర్యాదుల పరిష్కార నిబంధనలు తెచ్చింది. అడ్మిషన్లు మొదలవడానికి కనీసం 60 రోజుల ముందే ఫీజులు, రీఫండ్, అధ్యాపకులు, హాస్టల్, లైబ్రరీ వగైరా వివరాలన్నీ ప్రాస్పెక్టస్‌లో పెట్టాలి. ప్రతి విశ్వవిద్యాలయానికీ అంబుడ్స్‌పర్సన్, అంటే కాలేజీలో పరిష్కారం కాని విద్యార్థుల ఫిర్యాదులు వినే అధికారి, ఉండాలి. మంచి నిబంధనలే. కానీ ప్రాస్పెక్టస్ చేరేముందు మాట. చేరాక నాలుగేళ్ల పాటు ఆ వివరాల్లో ఏది మారిందో చెప్పేవారు లేరు. అంబుడ్స్‌పర్సన్ అనేవారు ఉంటారని కూడా చాలామంది తల్లిదండ్రులకు తెలియదు. పిల్లలకే తెలియదు.

ఇంకో తీర్పు గురించి చెప్పాలి. విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న ఒక అమ్మాయి చనిపోతే, ఆమె తండ్రి చేసిన పోరాటం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2025 జులై 25న కోర్టు విద్యార్థుల మానసిక ఆరోగ్యం మీద దేశంలోని విద్యాసంస్థలన్నింటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. స్కూళ్లు, కాలేజీలు, యూనివర్సిటీలు, కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు అన్నీ వాటి కిందికి వస్తాయి. 100 మంది, అంతకన్నా ఎక్కువ విద్యార్థులున్న చోట అర్హత గల కౌన్సెలర్ ఉండాలి. మానసిక ఆరోగ్య సాయానికి ప్రభుత్వం నడిపే టెలి మానస్ లాంటి హెల్ప్‌లైన్ నంబర్లు హాస్టళ్లలో, తరగతి గదుల్లో, వెబ్‌సైట్‌లో పెద్ద అక్షరాలతో కనిపించాలి. తల్లిదండ్రులకు క్రమం తప్పకుండా అవగాహన కార్యక్రమాలు పెట్టాలని కూడా కోర్టు చెప్పింది. టెలి మానస్ 2022 అక్టోబరు 10న మొదలైంది, నంబరు 14416, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. ఆ నంబరు నాకు కాలేజీ ద్వారా తెలియలేదు, పేపర్లో చదివి తెలుసుకున్నాను. పిల్ల మాటలో తేడా వచ్చిందని ముందు పసిగట్టేది చాలాసార్లు ఇంట్లో వాళ్లే. ఫోన్‌లో "ఊఁ", "ఆఁ" తప్ప ఏమీ అనదు, సెలవులకు రానంటుంది, వచ్చినా గదిలోంచి బయటికి రాదు. అది చూసిన తల్లి ఎవరికి చెప్పాలి? క్యాంపస్‌లో చెవి ఒగ్గి వినే మనిషి ఎవరో ఆ తల్లికి ముందే తెలిసి ఉండాలా వద్దా?

దీనికి ఒక మాట అడ్డం చెబుతారని నాకు తెలుసు. పిల్లలకు 18 ఏళ్లు నిండాయి, ఓటు వేస్తున్నారు, ఇంకా అమ్మానాన్నల వెంట పడటమేమిటి అంటారు. ఆ మాటను నేను మనసారా ఒప్పుకుంటాను. అందుకే స్పష్టంగా చెబుతున్నాను: నాకు నా కూతురి గురించి కాలేజీ రహస్యంగా కబుర్లు మోయనక్కర్లేదు. ఇప్పుడు కొన్ని కాలేజీల యాప్‌లలో పిల్ల మూడో పీరియడ్ ఎగ్గొట్టిందన్నది నిమిషాల్లో ఇంటికి తెలిసిపోతోంది. గేటు దాటిన టైము, తిరిగొచ్చిన టైము వస్తున్నాయి. అమ్మాయిలు బయటికి వెళ్లాలంటే ఇంటికి ఓటీపీ వస్తోంది, అబ్బాయిలకు అదేమీ ఉండదు. ఇది నాకు నచ్చదు. పెద్దదైన పిల్లను అడుగడుగునా కాపలా కాయడం చదువులో భాగం కాదు. తన మార్కులు తనే చెప్పాలి, తప్పితే తప్పానని తనే చెప్పాలి. కౌన్సెలర్ దగ్గరికి వెళితే ఇంటికి ఫోన్ పోతుందని తెలిస్తే ఏ పిల్లా ఆ గది గడప తొక్కదు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లో గోప్యత హక్కుగా రాసి ఉంది, దాన్ని తు.చ. తప్పకుండా పాటించాలి.

నేను అడుగుతున్నది కాలేజీ గురించిన సంగతులు. నీళ్లు ఆగిపోతే, జ్వరాలు వస్తే, బస్సుల వేళలు మారితే, పరీక్షలు వాయిదా పడితే, వార్డెన్ మారితే చెప్పమంటున్నాను. వాటిలో ఏ పిల్ల రహస్యమూ లేదు. అమెరికాలో ఎఫ్‌ఈఆర్‌పీఏ అనే చట్టం 1974 నుంచి ఉంది. కాలేజీలో చేరగానే చదువు రికార్డుల మీద హక్కు విద్యార్థిదే అవుతుంది, ఆరోగ్యం, భద్రత విషయంలో అత్యవసరమైతే తల్లిదండ్రులకు చెప్పడానికి వీలుంటుంది. అలాంటి చట్టం ఉన్న చోట కూడా చాలా విశ్వవిద్యాలయాలు తల్లిదండ్రుల కోసం విడిగా ఒక ఆఫీసు నడుపుతాయి, క్యాంపస్ విశేషాలతో క్రమంగా ఉత్తరాలు పంపుతాయి. పిల్ల గోప్యత, తల్లికి సమాచారం, రెండూ ఒకే చోట ఇమడగలవు. చేరేటప్పుడే విద్యార్థి చేత ఒక ఫారం నింపించండి: ఒంట్లో బాగాలేకపోతే, ప్రమాదం జరిగితే ఎవరికి చెప్పాలి, ఏ విషయాలు చెప్పవచ్చు అని. నిర్ణయం తనది. ఇంట్లో పొసగని పిల్లలూ ఉంటారు, వాళ్లు తల్లిదండ్రుల పేరు బదులు అత్త పేరో, అన్న పేరో రాసుకుంటారు.

సెలవుల తేదీల సంగతి కూడా చూడండి. రైలు టికెట్లకు ముందస్తు రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందు మొదలవుతుంది. సెమిస్టర్ సెలవులు ఎప్పటినుంచో కాలేజీ చివరి వారంలో చెబితే పిల్లలు వెయిటింగ్ లిస్టులో వేలాడాలి, లేదా జనరల్ బోగీలో నిలబడి రావాలి. అకడమిక్ క్యాలెండర్ ఏడాది మొదట్లోనే తయారవుతుంది కదా. దాన్ని మాకు పంపడానికి, మారితే మారిందని చెప్పడానికి ఏం అడ్డం?

ఇంకా ముఖ్యమైనది భాష. కాలేజీ నోటీసులు ఇంగ్లిషులో, అదీ వెబ్‌సైట్ లోపల ఎక్కడో పీడీఎఫ్‌లో ఉంటాయి. మా గ్రూపులో ఒక తండ్రి తరచూ నోటీసు ఫొటో పెట్టి "ఇందులో ఏముందో ఎవరైనా చెప్పండమ్మా" అని అడుగుతారు. పదో తరగతితో చదువు ఆపేసి, రెక్కలు ముక్కలు చేసుకుని కొడుకును ఇంజనీరింగ్ చదివిస్తున్న మనిషి ఆయన. ఆయన కొడుకు మీద క్రమశిక్షణ నోటీసు వస్తే, దాన్ని చదివి చెప్పమని ఆ కొడుకునే అడగాలి. ఇది ఏ రకంగా సమంజసం? తెలుగులో పంపండి. ఉర్దూ కావాలన్నవాళ్లకు ఉర్దూలో పంపండి. స్మార్ట్‌ఫోన్ లేనివాళ్లకు మామూలు ఎస్సెమ్మెస్, చదవలేనివాళ్లకు వాయిస్ కాల్. ప్రభుత్వ పథకాల గురించి ఫోన్ చేసి వినిపించడం మీ శాఖలకు అలవాటైన పనే.

ప్రిన్సిపాళ్లు భయపడతారేమో, చెప్పడం మొదలుపెడితే తల్లిదండ్రులు రోజూ మీద పడతారని. ఆ జ్వరాల రాత్రి నన్ను అడిగితే చెబుతాను, ఏమీ చెప్పకపోవడం వల్లే వాళ్ల ఫోన్ ఎంగేజ్ అయింది. ఉన్నది ఉన్నట్టు చెబితే సగం మంది ఫోన్ చేయరు. అధ్యాపకుల మీద మరో బరువు వేయమనడం లేదు, వాళ్లకున్న పని చాలు. ప్రతి కాలేజీలో ఆఫీసు సిబ్బందిలో ఒకరికి ఈ బాధ్యత పేరుపెట్టి అప్పగించండి. నెలకొక ఉత్తరం, అత్యవసరమైతే అదే రోజు మెసేజ్. హాస్టల్, ఆరోగ్యకేంద్రం, కౌన్సెలర్, ర్యాగింగ్ నిరోధక కమిటీ, అంబుడ్స్‌పర్సన్, వీళ్ల నంబర్లు ప్రతి ఉత్తరం అడుగున ఉండాలి. పంపారో లేదో మీ శాఖ అఫిలియేషన్ తనిఖీల్లో అడగాలి. అడగకపోతే ఇదీ 2009 నాటి ఉత్తరంలాగే కాగితం మీద మిగిలిపోతుంది.

వచ్చే విద్యాసంవత్సరం అడ్మిషన్లకు ముందే ఈ మేరకు ఒక సర్క్యులర్ ఇవ్వాలని కోరుతున్నాను. మొదటి సంవత్సరం పిల్లల తల్లిదండ్రులకు ఉత్తరం రాయాలన్న నిబంధనను రాష్ట్రంలో ఎన్ని కాలేజీలు పాటిస్తున్నాయో మీ శాఖ లెక్క తీసి బయటపెట్టాలని కూడా కోరుతున్నాను. జవాబు నా ఒక్కదానికి ఇవ్వనక్కర్లేదు. పేపర్లో ఇస్తే చాలు, అందరం చదువుకుంటాం.

భవదీయురాలు,
హాస్టల్లో ఉండి చదువుకుంటున్న ఒక అమ్మాయి తల్లి