లోపలి అదురు గురించి మా అమ్మాయికి

గుంటూరు, బ్రాడీపేట.

చి.ల.సౌ. హారికకు అమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

"వదినకు నరాల జబ్బేదో మొదలైనట్టుంది" అని మీ మేనత్త నీ చెవిన వేసిన నాటి నుంచి నువ్వు స్థిమితంగా లేవని నీ మాటల్లోనే తెలుస్తోంది. ఫోనులో ఈ సంగతి ఎత్తితే రెండో వాక్యానికే నువ్వు "ఎమ్మారై తీయించావా" అంటావు, నేను వంట గురించో వాన గురించో మాట్లాడి తప్పుకుంటాను. మధ్యలో అడ్డు తగలకుండా మొత్తం వినాలంటే కాగితమే మేలనిపించింది.

ముందు నాకు కలుగుతున్నదేమిటో సరిగ్గా చెప్పాలి. తెల్లవారుజామున మెలకువ వస్తూండగా రొమ్ము ఎముక వెనక నుంచి కడుపు దాకా, ఒక్కోసారి తొడల్లోకి కూడా, సన్నని అదురు మొదలవుతుంది. తిరుగుతున్న గ్రైండరు మీద అరచెయ్యి ఆనిస్తే ఎట్లా ఉంటుందో అట్లా ఉంటుంది. నొప్పి లేదు, తిమ్మిరి కాదు, గుండెదడ అంతకంటే కాదు. చేతులు చాపి చూసుకుంటే వేళ్ళు కదలవు. మీ నాన్నగారి చేతిని నా కడుపు మీద పెట్టించినా ఆయనకు ఏమీ తెలియలేదు. రైలు పట్టాలు మనకు దగ్గర కనుక గూడ్సు బండి ప్రభావమేమోనని, మంచం పట్టె మీద స్టీలు గ్లాసు నిండా నీళ్ళు పోసి పెట్టి చూశాను. నీళ్ళు నిశ్చలంగా ఉన్నాయి, నేను మాత్రం అదురుతూనే ఉన్నాను. ఆడవాళ్ళకు ఎడమకన్ను అదిరితే శుభమంటారు కానీ ఒళ్ళంతా లోపల్లోపల అదిరితే ఏమి ఫలమో ఏ పంచాంగకర్తా రాసిపెట్టలేదు.

నిజానికి నన్ను భయపెట్టింది అదురు కాదు, మీ తాతయ్య. ఆయనకు పార్కిన్సన్స్ అనే వణుకు జబ్బు వచ్చిన తొలిరోజుల్లో కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు ఒకదానితో ఒకటి రుద్దుకుంటున్నట్టు కదిలేవి. ఆ తరవాత ఏడాదికేడాదికి ఆయన నడకా, మాటా, సంతకమూ ఎట్లా కుంచించుకుపోయాయో నేను దగ్గరుండి చూసినదాన్ని. అందుకే చీకట్లో పడుకొని ఒంట్లో వణుకును వింటున్నప్పుడు నాకు గుర్తొచ్చేది ఆ చెయ్యే.

కొత్తపేటలో ఏ సందులోకి తిరిగినా ఆసుపత్రీ, ల్యాబూ, మందుల షాపూ పక్కపక్కనే ఉంటాయి కనుక చూపించుకోవడానికి ఇక్కడ కొదవ లేదు. మొదట చూసిన డాక్టరు నాడి కూడా పట్టకుండా "మీకు ఆలోచనలెక్కువమ్మా" అని నిద్రమాత్రలు రాశారు. ఆ చీటీ నేను వాడలేదు. ఆలోచనలు ఎక్కువైతే ఒళ్ళు అదరదని కాదు, ఆందోళన వల్ల కూడా ఇట్లా రావచ్చు. కానీ ఆ మాట చివర చెప్పవలసింది, మొదట కాదు. పైగా ఆ రకం మాత్రలు కొంతకాలం వాడి ఉన్నట్టుండి మానేస్తే వణుకు ఇంకా పెరుగుతుంది. మన వీధిలో ఆ రకానికే చెందిన ఆల్‌ప్రజోలం అరమాత్ర ఒకరికొకరు అప్పిచ్చుకునే అలవాటు ఉన్నది కనుక ఈ సంగతి మీ అత్తయ్యకు కూడా చెప్పాను.

తరవాత చూసిన నరాల డాక్టరు చాలాసేపు పరీక్షించారు. మంచం మీద చేతులు వదిలేసి కూర్చోబెట్టి, వంద నుంచి ఏడేసి తీసేస్తూ లెక్కపెట్టమన్నారు. మనసు లెక్క మీద ఉన్నప్పుడు దాగి ఉన్న వణుకు బయటపడుతుందట. బొటనవేలితో చూపుడువేలిని టకటకా కొట్టించారు, మణికట్టు తిప్పి బిగుసుకుపోయిందేమో చూశారు, వరండా చివరి దాకా నడిపించి రెండు చేతులూ సమంగా ఊగుతున్నాయా లేదా గమనించారు. కాగితం మీద లోపలి నుంచి బయటకు చుట్టలు చుట్టలుగా ఒక గీత గీయించి, నాలుగు వాక్యాలు కూడా రాయించారు. పార్కిన్సన్స్ ఉన్నవారి అక్షరాలు వాక్యం చివరకు వచ్చేసరికి చిన్నవైపోతాయి. ఇన్నేళ్ళు నల్లబల్ల మీద రాసిన నా అక్షరాలు మొదట ఎంత ఉన్నాయో చివరా అంతే ఉన్నాయి. పార్కిన్సన్స్ ఉన్నవారిలో కొందరికి ఇటువంటి లోపలి వణుకు ఉంటుందన్న మాట ఆయన దాచలేదు. అయితే కదలికలు మందగించకుండా, కండరాలు బిగుసుకోకుండా, కేవలం ఈ అదురును పట్టుకొని ఆ జబ్బు ఉన్నదని ఎవరూ నిర్ధారించరని, నాలో ఆ లక్షణాలేవీ లేవు కనుక ఇప్పుడు ఎమ్మారై అవసరం లేదని తేల్చి చెప్పారు. నీ ప్రశ్నకు సమాధానం ఇదే.

ఆయన రాసిన రక్తపరీక్షల్లో ఒక్కొక్కదానికీ కారణం ఉన్నది. థైరాయిడ్ ఎక్కువగా పనిచేస్తే ఒళ్ళు వణుకుతుంది, చెమటలు పడతాయి, గుండె వేగం పెరుగుతుంది. అవన్నీ ముట్లుడిగే, అంటే నెలసరి ఆగిపోయే, వయసు లక్షణాల్లాగే కనిపిస్తాయి కనుక ఒకదాన్ని చూసి ఇంకొకటనుకొనే ప్రమాదం ఉంది. రక్తంలో చక్కెర పడిపోయినా, రక్తహీనత ఉన్నా, విటమిన్ బి12 తగ్గినా, కాల్షియం, మెగ్నీషియం తక్కువైనా ఇటువంటి బాధలు కలగవచ్చు. ఆయాసానికి పీల్చే సాల్బుటమాల్ మందు వణుకు తెప్పిస్తుంది, థైరాయిడ్ మాత్ర మోతాదు మించినా అంతే. నాకు బి12 తక్కువగా ఉన్నదని తేలింది, దానికి మందు వాడుతున్నాను. మిగిలినవన్నీ సరిగ్గానే ఉన్నాయి, ఈసీజీ కూడా. బి12 సరిపడా అయిన తరవాత కూడా అదురు పోలేదు కనుక నేరాన్ని దాని మీదికి నెట్టడానికి వీల్లేకపోయింది.

అప్పుడు గాని గైనకాలజిస్టు దగ్గరకు వెళ్ళలేదు. ఆమె అడిగిన మొదటి ప్రశ్న నెలసరి ఎట్లా వస్తోందని. రెండు నెలలకొకసారి, మూడు నెలలకొకసారి వస్తోందని చెప్పాను. వరసగా పన్నెండు నెలలు రాకపోతేనే ముట్లుడిగినట్టు లెక్క అనీ, దానికి ముందు కొన్నేళ్ళ పాటు సాగే ఈ ఎగుడుదిగుడు కాలంలోనే బాధలెక్కువ అనీ ఆమె వివరించారు. మన దేశంలో ముట్లుడిగే సగటు వయసు 46, 47 ఏళ్ళు. పాశ్చాత్య దేశాల్లో 51. నాకు 48 వెళ్ళాయి. ఈ వయసులో లక్షణాలే సరిపోతాయి గాని హార్మోను పరీక్ష అక్కర్లేదని, ఈ దశలో ఆ అంకెలు వారం వారం మారిపోతూ ఉంటాయని ఆమె డబ్బు మిగిల్చారు.

అదురు ఎందుకు వస్తుందన్న దానికి వైద్యశాస్త్రం దగ్గర తేల్చిచెప్పిన జవాబు లేదు. ఆమె తనకు సబబుగా తోచినది చెప్పారు. ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోను అండాశయాలకూ గర్భసంచికీ మాత్రమే సంబంధించినది కాదు. మెదడులో ఒంటి వేడిని అదుపుచేసే హైపోథలమస్ మీదా, గుండె వేగాన్నీ చెమటనూ మన ప్రమేయం లేకుండా నడిపే నరాల మీదా అది పనిచేస్తుంది. అది నిలకడగా ఉండక పెరుగుతూ తరుగుతూ ఉంటే ఆ నరాలు కూడా ఊరికే ఉలిక్కిపడుతుంటాయి. దానికి తోడు ఎవరి కండరాల్లోనైనా సెకనుకు 8 నుంచి 12 సార్లు కంటికి కనపడనంత సన్నని కంపం ఎప్పుడూ ఉంటుందట. మామూలుగా మనకు తెలియని దాన్ని నిద్ర చాలని శరీరం తెల్లవారుజాము నిశ్శబ్దంలో పసిగడుతోందేమోనన్నారు. ఇది ఊహే అయినా, బడిలో పాఠం చెబుతున్నంతసేపూ నాకు అదురు తెలియకపోవడానికీ, నడుం వాల్చగానే తెలియడానికీ ఆ మాట సరిపోయింది.

ఉన్నట్టుండి ఒళ్ళు వేడెక్కి చెమటలు పట్టే ఆవిర్లు కూడా నాకు చాలాకాలంగా ఉన్నాయి కానీ మే నెలలో గుంటూరులో చెమట పట్టని మనిషెవరు? కార్తికంలో మీ నాన్నగారు దుప్పటి ముసుగుతన్ని పడుకొని ఉండగా నేను ఫ్యాను ఐదులో పెట్టినప్పుడే ఆయనకూ నాకూ అర్థమైంది.

ఇక మన చుట్టుపక్కల వాళ్ళ వైద్యం సంగతి. "గర్భసంచి తీయించేసుకో, పీడా పోతుంది" అని చెప్పినవాళ్ళు ఒకరు కాదు. మీ అమ్మమ్మకు ముప్పై ఏడో ఏట ఆ ఆపరేషన్ చేశారు. తరవాత ఆవిడ కూడా రాత్రుళ్ళు లేచి కూర్చొని "లోపల జల్లుమంటోందే" అనేది. మేము విభూతి పెట్టి పడుకోబెట్టేవాళ్ళం. అండాశయాలు కూడా తీసేస్తే ముట్లుడగడం ఒక్క రోజులో జరిగిపోతుంది, బాధలు తగ్గకపోగా ఇంకా తీవ్రమవుతాయి; వాటిని ఉంచి గర్భసంచి ఒక్కటే తీసినా కొందరిలో అవి ముందుగానే అలసిపోతాయి, ఎముకలు గుల్లబారడం కూడా తొందరగా మొదలవుతుంది. ఈ ఆపరేషన్ ఎక్కువగా జరిగే రాష్ట్రాల్లో మనది ముందు వరసలో ఉన్నదని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూసినవారికి తెలుస్తుంది. క్యాన్సరో, వేరే దారి లేని రక్తస్రావమో ఉంటే తీయించుకోవలసిందే. అదురుకూ ఆవిర్లకూ అది మందు కాదు. నీకు ఆ వయసు వచ్చేసరికి నేను పక్కన ఉన్నా లేకపోయినా, ఇంకొక డాక్టరు మాట వినకుండా సంతకం పెట్టకు.

రాత్రుళ్ళు నేనేం చేస్తున్నానో అడిగావు. మెలకువ రాగానే ఫోను ముట్టుకోను. వేళ ఎంతయిందో చూసినా, ఈ బాధ గురించి చదవడం మొదలుపెట్టినా అదురు రెట్టింపవుతుంది. ఎడమవైపు తిరిగి పడుకొని, గాలి పీల్చినదాని కంటే వదలడం ఎక్కువసేపు ఉండేట్టు నెమ్మదిగా ఊపిరి తీస్తాను. అప్పటికీ మనసు దాని చుట్టూ తిరుగుతుంటే పదిహేనో ఎక్కం వెనక నుంచి ముందుకు చెప్పుకుంటాను. లెక్కల మాస్టారి కూతురినైనా పదిహేను తొమ్మిదుల దగ్గర ప్రతిసారీ తడబడతాను, ఆ తడబాటే పనికొస్తోంది. అది వచ్చిందా, వస్తోందా అని కాచుకొని ఉండటం మానేసినప్పుడు అదురు దానంతటదే సన్నగిల్లుతుంది. ఒక్కోసారి సన్నగిల్లకుండానే నాకు నిద్ర పడుతుంది. మధ్యాహ్నం తరవాత కాఫీ మానేశాను, ఇది నాకు అన్నిటికంటే కష్టమైన వైద్యమని ఒప్పుకుంటాను. కార్తిక సోమవారాల్లో కటిక ఉపవాసం ఉన్న మర్నాడు అదురు ఎక్కువగా ఉండటం గమనించి ఇప్పుడు పాలూ పండ్లూ తీసుకుంటున్నాను, శివుడేమీ అనుకోడు. సాయంత్రాలు బడి మైదానంలో చెమట పట్టేదాకా నడుస్తున్నాను.

హార్మోను చికిత్స కూడా మొదలుపెట్టాను, ఇది నీకు కొత్త సంగతి. భయపడేముందు పూర్తిగా చదువు. అమెరికాలో ఉమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్ అనే పెద్ద పరిశోధనలో హార్మోన్లు ఇస్తున్న ఒక భాగాన్ని రొమ్ము క్యాన్సరు వంటి ప్రమాదాలు కనిపించాయని 2002లో మధ్యలోనే ఆపేశారు, ఆ వార్తతోనే లోకమంతా వీటిని చూసి జంకింది. ఆ పరిశోధనలో పాల్గొన్నవారి సగటు వయసు 63. అరవై లోపు వయసుండి, ముట్లుడిగి పదేళ్ళు దాటనివారిలో, వేరే అభ్యంతరాలు లేకపోతే, ఆవిర్లకూ నిద్రలేమికీ వీటివల్ల మేలే ఎక్కువని ఇప్పటి వైద్యుల అభిప్రాయం. రొమ్ము క్యాన్సరు వచ్చినవారికీ, రక్తం గడ్డకట్టే జబ్బు ఉన్నవారికీ, కాలేయం చెడినవారికీ ఇవి ఇవ్వరు. మామోగ్రామ్, అంటే రొమ్ము ఎక్స్‌రే, తీసి, రక్తపోటు చూసి, మన ఇంట్లో ఎవరికేమి జబ్బులున్నాయో అడిగి తెలుసుకున్నాకే డాక్టరమ్మ చేతికి రాసుకొనే ఈస్ట్రోజెన్ జెల్ తక్కువ మోతాదులో ఇచ్చారు. గర్భసంచి ఉన్నవారు ఈస్ట్రోజెన్ ఒక్కటే వాడితే గర్భసంచి లోపొర మందమై క్యాన్సరుకు దారితీయవచ్చు కనుక రాత్రిపూట ప్రొజెస్టరాన్ అనే ఇంకొక హార్మోను కూడా వేసుకుంటున్నాను. అదురు కోసం దీన్ని ఇవ్వడం లేదని, తగ్గితే తగ్గవచ్చని ఆమె ముందే చెప్పారు. నిద్ర బాగుపడింది. అదురు పోలేదు కానీ అరుదైంది.

చెయ్యి కంటికి కనపడేట్టు వణికినా, ఒక పక్క కాలో చెయ్యో పట్టు తప్పినా, మాట ముద్దగా వచ్చినా, ఛాతీలో నొప్పి వచ్చినా, స్పృహ తప్పినా ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళాలని మీ నాన్నగారికీ చెప్పి ఉంచాను. అవేవీ లేనంతవరకు నువ్వు సెలవు పెట్టి పరుగెత్తుకు రానవసరం లేదు.

నీ నుంచి నాకు కావలసినది ఒకటే. "ఇవాళ మళ్ళీ వచ్చింది" అని నేను అన్నప్పుడు కొత్త పరీక్ష పేరు చెప్పకు, "ఏమీ కాదులే" అని కూడా అనకు. నిద్ర పట్టిందా అని అడిగి, నీ కబుర్లు చెప్పు. నీ నెలసరి తేదీలు కూడా ఇప్పటి నుంచే ఒకచోట రాసి పెట్టుకో. తల్లికి ముట్లుడిగిన వయసుకూ కూతురి వయసుకూ చాలావరకు పోలిక ఉంటుందట కనుక నా లెక్క కూడా నీకు పనికొస్తుంది.

సంక్రాంతి సెలవుల్లో నేను మళ్ళీ చూపించుకోవాలి. అప్పటికి నువ్వు ఇక్కడే ఉంటావు కనుక నాతో రా, నీ సందేహాలు డాక్టరమ్మనే అడుగు. టోకెను కోసం తెల్లవారకముందే వెళ్ళి వరసలో నిలబడాలి, ఆ పని నీదే.

ఇట్లు,
ఆశీస్సులతో
అమ్మ