ఎవరికి అక్కర్లేదో కూడా రాయండి

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన ఆదివారానికి ముందు ఆదివారం మీ ఆరోగ్యం పేజీలో ‘రొమ్ము క్యాన్సర్‌కు ఇక చంకలో కోత అక్కర్లేదు’ అని పేజీకి ఆ చివర నుంచి ఈ చివర దాకా శీర్షిక పెట్టారు. పది రోజులు ఆగాను. ఎవరో ఒక డాక్టరు ఉత్తరం రాస్తారు, లేదా మీరే దిద్దుకుంటారు అనుకున్నాను. రెండూ జరగలేదు. ఈ మధ్యలో పదవినోదంలో ఒక గడి తప్పు పడిందని మాత్రం మర్నాడే సవరణ వేశారు. సంతోషం. పదవినోదంలో గడికున్న విలువ ఆడదాని చంకకూ ఉంటుందన్న ఆశతో నేనే రాస్తున్నాను.

ఆ వార్త పచ్చి అబద్ధమైతే చదివి పక్కన పడేసేదాన్ని. అందులో నిజముంది. ఆ నిజంలోంచి ‘ఎవరికి’ అన్న ఒక్క మాట ఎగిరిపోయింది. ఆ మాట లేకపోతే మిగతాదంతా ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

మీరు చెప్పదలుచుకున్నది బహుశా ఇదీ. గడ్డ 2 సెంటీమీటర్లు మించకుండా, చంకలో అల్ట్రాసౌండ్ తీస్తే ఏమీ కనిపించని ఆడవాళ్లను ఇటలీ డాక్టర్లు రెండు జట్లుగా చేశారు. ఒక జట్టుకు చంకలో ఒకటి రెండు బిళ్లలు, అంటే శోషరస గ్రంథులు, తీసి జబ్బు అక్కడికి పాకిందేమో పరీక్షించారు, రెండో జట్టుకు చంక ముట్టుకోలేదు. సౌండ్ అని ఆ పరిశీలన పేరు. 2023లో ఫలితాలు వచ్చాయి. అయిదేళ్లకు ఒంట్లో మరెక్కడికీ జబ్బు పాకకుండా ఉన్నవాళ్లు మొదటి జట్టులో 97.7 శాతం, రెండో జట్టులో 98 శాతం. 2024 చివర్లో ఇన్‌సెమా అని ఇంకో పెద్ద పరిశీలన వచ్చింది. అందులోనూ అంతే: అయిదేళ్లకు జబ్బు తిరగబెట్టకుండా, కొత్తగా మరో క్యాన్సర్ రాకుండా బతికున్నవాళ్లు తీసినవాళ్లలో 91.7 శాతం, తీయనివాళ్లలో 91.9. మంచి కబురే, కాదనను. అయితే ఇవి రొమ్ము మొత్తం తీసేయకుండా గడ్డ వరకే తీసి, చాలామందికి ఆ తర్వాత రేడియేషన్ ఇచ్చినవాళ్ల లెక్కలు. వాళ్లలో ఎక్కువమంది యాభై దాటినవాళ్లు, హార్మోన్ మాత్రలకు లొంగే రకం జబ్బు ఉన్నవాళ్లు. అమెరికా క్యాన్సర్ డాక్టర్ల సంఘం 2025లో ఈ పద్ధతికి సరే అంటూ పెట్టిన షరతులు చూడండి: నెలసరి ఆగిపోయి ఉండాలి, వయసు యాభై నిండాలి, హార్మోన్ రిసెప్టర్ పాజిటివ్ (అదే, హార్మోన్ మాత్రలకు లొంగే రకం), హెర్‌2 నెగెటివ్ (ఆ పేరున్న ప్రోటీను ఎక్కువ లేనిది) కావాలి, గ్రేడ్, అంటే కణాల దూకుడు, ఒకటో రెండో ఉండాలి, గడ్డ 2 సెంటీమీటర్లు దాటకూడదు, స్కానింగ్‌లో చంక శుభ్రంగా ఉండాలి. మీ శీర్షికలో వీటిలో ఒక్కటైనా ఉందా? వార్త లోపలైనా ఉందా? రెండుసార్లు చదివాను, లేదు.

ఇప్పుడు నలభై ఏళ్ల మనిషి, హార్మోన్ రిసెప్టర్లూ హెర్2 కూడా లేని ట్రిపుల్ నెగెటివ్ రకం, చంకలో చేతికి తగిలే బిళ్ల ఉన్నావిడ, మీ పేపరు కత్తిరించి పట్టుకెళ్లి ‘పేపర్లో అక్కర్లేదని రాశారు కదా’ అని డాక్టరు ముందు కూర్చుంటే ఎవరిది బాధ్యత? చంకలో ఏముందో తెలియకపోతే తర్వాత ఇచ్చే మందుల లెక్క కూడా మారుతుంది. హార్మోన్ రకం జబ్బున్నవాళ్లకు అబెమాసిక్లిబ్ లాంటి మాత్ర ఇవ్వాలా వద్దా అని తేల్చడానికి ఎన్ని బిళ్లల్లో జబ్బు ఉందో చూస్తారు. చూడకుండా వదిలేయడానికి కూడా ఒక ఖరీదుంది. అందరికీ అది పెద్దది కాదు, కొందరికి పెద్దదే.

ఇక ‘శోషరస గ్రంథాల తొలగింపు’ అన్నారు. ఒకసారి కాదు, మూడుసార్లు. గ్రంథులు, బాబూ, గ్రంథులు. మేమేమీ చంకలో గ్రంథాలయాలు పెట్టుకుని తిరగడం లేదు. పూర్వం పేపర్లో ప్రూఫులు దిద్దే మనిషి ఒకరుండేవారు. ఆ కుర్చీ కూడా తొలగించినట్టున్నారు, అదీ మత్తు లేకుండా. మా పెద్దవాళ్లు ‘చంకలో బిళ్ల కట్టింది’ అనేవారు. అలా రాసినా అందరికీ అర్థమయ్యేది.

నాకెందుకింత కోపం అంటారేమో. నా ఆపరేషన్ 2009లో అయింది. గడ్డ 1.4 సెంటీమీటర్లు. చంకలో చేతికి ఏమీ తగల్లేదని చీటీ మీద సర్జన్ గారే రాశారు. రాసి, మొత్తం తీసేశారు. పదిహేడు బిళ్లలు. వారం తర్వాత రిపోర్టు చదివి, ‘పదిహేడింటిలో ఒక్కదాంట్లో కూడా లేదు, మీరు అదృష్టవంతులు’ అన్నారు. నేనూ అప్పుడు ఏడ్చి నవ్వి నమస్కారం పెట్టాను. ఏ పాపం తెలియని పదిహేడింటినీ ఎందుకు తీశారని అడగాలని తట్టలేదు. తట్టేసరికి రెండేళ్లయింది.

ఎలా తట్టిందో చెబుతాను. నా చేతి గడియారం పట్టీకి ఎప్పుడూ మూడో బెజ్జం. ఒకరోజు నాలుగోది పెట్టుకున్నాను, పట్టీ బిగిసిందేమో అనుకున్నాను. ఆర్నెల్లలో చివరి బెజ్జం. తర్వాత గడియారం ఆ చేతికి మానేశాను. టేపుతో కొలిస్తే మోచేతి కింద ఆ చెయ్యి ఈ చెయ్యి కంటే 3 సెంటీమీటర్లు లావు. వేలితో నొక్కితే గుంట పడి, లోపల పది అంకెలు లెక్కపెట్టినా నిండేది కాదు. భుజం వెనక, పై చెయ్యి లోపలి వైపు స్పర్శ అసలే లేదు, నరం తెగింది కనుక ఇక రాదు. అప్పట్నుంచి బిగుతు తొడుగు వేసుకుని బతుకుతున్నాను. చిన్న గీత పడినా ఎర్రబడి జ్వరం వస్తుంది. ఈ వాపు నాకొక్కదానికి వచ్చిన వింత కాదు. పరిశోధనలన్నీ కలిపి 2013లో వేసిన లెక్కలో చంక మొత్తం తీసినవాళ్లలో నూటికి దాదాపు ఇరవై మందికి, కావలి బిళ్ల మాత్రం తీసినవాళ్లలో ఆరుగురికి లోపే.

కావలి బిళ్ల అని నేను పెట్టుకున్న పేరు. ఆసుపత్రిలో సెంటినల్ నోడ్ అంటారు. రొమ్ములోంచి వచ్చే రసం మొట్టమొదట చేరే బిళ్ల అది. నీలం రంగో, రేడియో ధార్మిక మందో, రెండూ కలిపో ఎక్కించి అదెక్కడుందో పట్టుకుంటారు. అందులో జబ్బు లేకపోతే వెనక ఉన్నవాటి జోలికి పోరు. ఒక్కోసారి తప్పుతుంది కూడా. అయిదువేల ఆరొందల మందితో చేసిన బి‌-32 పరిశీలనలో, జబ్బు ఉన్న చంకల్లో నూటికి దాదాపు పది ‘లేదు’ అని వచ్చాయి. అయినా ప్రాణాల లెక్కలో తేడా రాలేదు. ఈ పద్ధతి 1990ల మొదట్లోనే ఉంది, మిలాన్‌లో సర్జన్ వెరొనేసి బృందం ఫలితాలు 2003లో వచ్చాయి. నాకు చేసింది 2009లో. ఆరేళ్లు! మందుల కంపెనీ క్యాలెండరు మాత్రం సర్జన్ గారి గది గోడ మీద ఏ నెలకా నెల మారుతూనే ఉండేది.

కావాలంటే ఇంకా వెనక్కి పోవచ్చు. 1971లో అమెరికా సర్జన్ బెర్నార్డ్ ఫిషర్ మొదలుపెట్టిన బి‌-04లో, చంకలో ఏమీ తగలని ఆడవాళ్లలో కొందరికి బిళ్లలు తీయకుండా వదిలేశారు. తీసినవాళ్లలో నూటికి నలభై మందికి జబ్బు బయటపడింది. కాబట్టి వదిలేసినవాళ్లలోనూ అంతమందికి ఉండే ఉండాలి. తర్వాత కాలంలో బయటపడింది నూటికి పందొమ్మిది మందికి లోపే. పాతికేళ్లు వెంటబడి చూస్తే బతుకులో తేడా లేదు. ఇది చదివిన రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

2022లో మా చెల్లెలికి వచ్చింది. వేరే ఊరు, వేరే ఆసుపత్రి. మర్నాడు ఉదయం ఫోన్ చేసి, ‘అక్కా, ఒంటేలు ఆకుపచ్చగా వచ్చింది, ఏమైనా విషమా?’ అంది. రంగు మందు వల్ల అని ముందు చెప్పి ఉంటే ఆ భయం తప్పేది. దానికీ ఒక వాక్యం చాలు కదా! రెండు బిళ్లలు తీశారు, ఒకదాంట్లో ఉంది. ‘ఉందట, అయినా మిగతావి తీయరట, నన్ను గాలికి వదిలేస్తున్నారా?’ అని బెంగ పెట్టుకుంది. నేనే కూర్చుని చదివి చెప్పాను. ఒకటో రెండో బిళ్లల్లో ఉండి, గడ్డ వరకే తీసి రేడియేషన్ ఇచ్చిన 891 మందితో చేసిన జెడ్‌0011 పరిశీలనలో, పదేళ్లకు బతికున్నవాళ్లు మిగతావి తీయనివాళ్లలో 86.3 శాతం, తీసినవాళ్లలో 83.6. తీయకపోవడం వల్ల ప్రాణాల లెక్కలో నష్టం రాలేదు. దాని కేసు అదే కోవలోది. ఇప్పుడు దాని గడియారం అదే బెజ్జంలో ఉంది. నాకు అసూయగా ఉంటుందని ఒప్పుకుంటాను.

ఈ మాటలు చెప్పాల్సింది చదువు మానేసి ముప్పై ఏళ్లయిన నేనా? నా చేత సంతకం పెట్టించిన కాగితంలో ‘రొమ్ము మరియు తత్సంబంధిత శస్త్రప్రక్రియలు’ అని ఉంది. ‘తత్సంబంధిత’లో నా పదిహేడు బిళ్లలూ, నా చెయ్యీ ఇమిడిపోయాయి. ముందు రోజు రాత్రి తొమ్మిదింటికి ఇచ్చారు, కళ్లజోడు వెతుక్కునేలోపు నర్సు పెన్ను చేతిలో పెట్టింది. ఎందుకమ్మా అంటే, ‘అంతా మీ మంచికే’. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది.

ఆరోగ్య అధికారుల సంగతి చెప్పనే అక్కర్లేదు. అక్టోబరు వచ్చిందంటే భవనాలకు గులాబీ దీపాలు, ‘ముందే గుర్తించండి’ అని బ్యానర్లు, నడకలు, టోపీలు. గుర్తించాక ఏం అడగాలో చెప్పే కాగితం ఒక్కటీ ఉండదు. నా గడ్డ ఎంత, ఏ రకం, చంక స్కానింగ్ చేశారా, ఎన్ని తీస్తారు, ఎందుకు, తీయకపోతే ఏమవుతుంది: ఈ అరడజను ప్రశ్నలు అచ్చు వేయడానికి దీపాల ఖర్చు అవుతుందా? నా వాపు చేతికి బీపీ పట్టీ కట్టొద్దని చీటీ రాసిచ్చారు. ఆ చీటీ చూపించిన ప్రతిచోటా, చదివి, తలూపి, ఆ చేతికే కడతారు.

సవరణ వేయండి. లోపలి పేజీలో అడుగున చీమ తలంత అక్షరాల్లో కాకుండా, శీర్షిక వేసిన చోటే, ఎవరికి అక్కర్లేదో, ఎవరికి కావాలో రాసి వేయండి. వేసేముందు ఎవరైనా క్యాన్సర్ సర్జన్‌కు ఒకసారి చూపించండి. గ్రంథికి కొమ్ములూ దీర్ఘాలూ సరిచూసే మనిషి ఇంకా ఎవరైనా మిగిలుంటే ఆయనకూ చూపించండి.

— ఒక పాఠకురాలు