ఆపగలిగిన ఆట, ఆపలేని ఆట

సంపాదకులకు నమస్కారం.

మీ పత్రిక బెంగళూరు సంచికలో ఇటీవల మహిళల పేజీలో గర్భిణులు పాటించవలసిన జాగ్రత్తల మీద వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. ఆహారం గురించి, ఐరన్ మాత్రల గురించి, నడక గురించి చెప్పినవన్నీ పనికివచ్చే మాటలే. అయితే చివరి పేరాలో మద్యం, పొగతాగడం, వీడియో గేములు అనే మూడింటినీ ఒకే వాక్యంలో చేర్చి, కాబోయే తల్లి వీటికి పూర్తిగా దూరంగా ఉండాలని రాశారు. మద్యం, పొగాకు కడుపులోని బిడ్డకు హాని చేస్తాయన్నది వైద్యులు ఎప్పుడో తేల్చిన విషయం. వీడియో గేమును వాటి సరసన నిలబెట్టడానికి ఆ వ్యాసంలో ఒక్క ఆధారమైనా చూపలేదు. ఆ వాక్యం కింద మా అత్తగారు పెన్నుతో గీత గీసి, ఇప్పుడు ఆరో నెలలో ఉన్న మా తోడికోడలి ముందు పెట్టారు. నేను ఈ ఉత్తరం రాయడానికి కారణం అదే.

మాది మదనపల్లె. పదకొండేళ్లుగా బెంగళూరులో మారతహళ్లి దగ్గర ఉంటూ సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం చేస్తున్నాను. మా పాపకు ఇప్పుడు రెండేళ్లు. వేవిళ్ల రోజుల నుంచి, ఆసుపత్రిలో నొప్పుల కోసం ఎదురుచూసిన గంటల మీదుగా, పాప రాత్రంతా నిద్రపోవడం నేర్చుకునేదాకా నేను వీడియో గేములు ఆడుతూనే ఉన్నాను. వాటిలో ఏవి నాకు ఊరటనిచ్చాయో, ఏవి మా ఇంటికి చేటు చేశాయో దగ్గరగా చూసినదాన్ని కాబట్టి, అన్నిటినీ ఒకే గాట కట్టవద్దని మనవి చేస్తున్నాను.

మా అవ్వ ఏడో నెలలో పుట్టింటికి వచ్చాక మధ్యాహ్నాలు అక్కచెల్లెళ్లతో కూర్చుని వామనగుంటలు ఆడిన సంగతి ఎన్నోసార్లు చెప్పేది. చేప ఆకారంలో ఉన్న ఆ చెక్క పీటలో పక్కకు ఏడు చొప్పున పద్నాలుగు గుంటలు, వాటినిండా చింతపిక్కలు. పసిబిడ్డ ఏడిస్తే పీట మీద చాట బోర్లించి లేచి వెళ్లేవారట, తిరిగి వచ్చేసరికి ఎవరి గుంటలోని పిక్కలు వారి గుంటలోనే ఉండేవట. నిండు చూలాలు ఆటలాడుతోందని ఆమెను ఎవరూ తప్పుపట్టలేదు. కాలక్షేపం కావాలి కదా అని పెద్దవాళ్లే పీట తెచ్చి ఇచ్చేవారు. నేను చెప్పదలచిన విషయమంతా ఆ చాట బోర్లించడంలోనే ఉంది. పిలుపు వచ్చిన క్షణాన వదిలి లేవగలిగే ఆట ఒకటి, లేవనివ్వని ఆట ఒకటి. ఈ రెంటికీ మధ్య ఉన్న తేడా బాలింత ఉన్న ఇంట్లో చాలా పెద్దది.

గర్భం సంగతి ముందు చెబుతాను. మూడో నెల దాటేవరకు నాకు నీళ్లు కూడా ఇమిడేవి కావు. తెర మీద దృశ్యం గిర్రున తిరిగే తుపాకుల ఆటలు అయిదు నిమిషాలు ఆడితే చాలు, వాంతి తన్నుకొచ్చేది. వాటిని అప్పటికి నేనే పక్కన పెట్టాను. ఎరిక్ బరోన్ అనే ఒకే ఒక వ్యక్తి ఏళ్ల తరబడి శ్రమించి 2016లో విడుదల చేసిన స్టార్‌డ్యూ వ్యాలీ అనే వ్యవసాయపు ఆట మాత్రం ఆ దినాల్లో నాకు నిజంగా తోడుగా నిలిచింది. దుక్కి దున్నడం, విత్తనం వేయడం, నీళ్లు పోయడం తప్ప అందులో తొందర పెట్టేది పెద్దగా లేదు. ఆ ఆటలో ఒక రోజు సుమారు పద్నాలుగు నిమిషాల్లో గడిచిపోతుంది. ముప్పావు గంటకు మించి ఒకేచోట కూర్చోవద్దని మా డాక్టరమ్మ గట్టిగా చెప్పారు. గర్భిణికి కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం మామూలు కంటే ఎక్కువ కాబట్టి ఆ మాటను తేలికగా తీసుకోకూడదు. అందుకని ఆటలో మూడు రోజులు గడవగానే లేచి వరండాలో అటూ ఇటూ నడిచి, నీళ్లు తాగి, అప్పుడు మళ్లీ కూర్చునేదాన్ని. గర్భంతో పాటు షుగరు వచ్చినవాళ్లు వేళకు తినడం, తిన్నాక నడవడం తప్పనిసరి. ఏ ఆటైనా ఆ వేళలను మింగేస్తే అప్పుడు అది హాని చేసినట్టే. వ్యాసంలో ఈ మాట రాసి ఉంటే ఎంతోమందికి మేలు జరిగేది.

కడుపులోని బిడ్డ యుద్ధపు చప్పుళ్లు వింటుందని, అభిమన్యుడు పద్మవ్యూహం గురించి విన్నాడు కదా అని మా అత్తగారు భయపడ్డారు. ఆమె భయాన్ని నేను తోసిపుచ్చలేదు. ఆరో నెల నుంచి బిడ్డ శబ్దాలకు స్పందించడం నిజమే. కానీ బయటి చప్పుళ్లు తల్లి శరీరాన్ని దాటుకుని మందంగానే లోపలికి చేరతాయి. నేను శబ్దం తగ్గించి ఆడాను, ఆమె కూడా ఊరుకున్నారు.

ఇక ప్రసవం. నెలలు నిండి వారం దాటినా నొప్పులు రాకపోవడంతో ఆసుపత్రిలో చేర్చుకుని జెల్ పెట్టారు. పొట్టకు కట్టిన బెల్టు నుంచి పాప గుండె చప్పుడు గదంతా వినిపిస్తూ ఉండగా, నొప్పికీ నొప్పికీ మధ్య ఫోనులో టెట్రిస్ ఆడుతూ దాదాపు పది గంటలు గడిపాను. పైనుంచి పడే ముక్కను తిప్పి సరిగ్గా అమర్చడంలో మనసు పెట్టగలిగినంతసేపు భయం దూరంగా ఉండేది. తెల్లవారుజామున ఆ గుండె చప్పుడు ఉన్నట్టుండి నెమ్మదించింది. నలుగురు పరుగెత్తుకొచ్చారు, నన్ను స్ట్రెచర్ మీద ఆపరేషన్ గదికి తోసుకుపోయారు. పాప క్షేమంగా పుట్టింది. వార్డుకు తెచ్చాక ఫోను ఇమ్మని అడిగితే అక్కడి సిస్టరు, "బిడ్డను కన్నావా, ఫోనును కన్నావా?" అని అందరి ముందూ అని, ఫోను తీసి అల్మరాలో పెట్టేశారు. పచ్చి బాలింతను, ఒంట్లో శక్తి లేక కళ్లు మూసుకున్నాను. ఆ తరువాత రెండు నెలలపాటు, మా ఇంట్లో వాషింగ్ మెషీన్ పని ముగించి కూత పెట్టినప్పుడల్లా, నెమ్మదించిన ఆ గుండె చప్పుడు వినిపించి చేతులు చల్లబడేవి.

స్విట్జర్లాండులోని లోజాన్ విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో సరిగ్గా నా వంటి తల్లుల మీదే ఒక పరిశోధన జరిగిందని నేను చాలా ఆలస్యంగా తెలుసుకున్నాను. అత్యవసరంగా సిజేరియన్ జరిగిన 56 మంది స్త్రీలలో కొందరి చేత, ఆపరేషన్ అయిన ఆరు గంటల లోపు, పదిహేను నిమిషాలపాటు టెట్రిస్ ఆడించారు. తరువాతి వారంలో, పిలవకుండానే మీదపడే ఆ భయానక దృశ్యాలు వారికి మిగతావారి కంటే తక్కువగా వచ్చాయని 2017లో ప్రచురించారు. జ్ఞాపకం మనసులో గట్టిపడే తొలి గంటల్లో, ఆకారాలను ఊహలో తిప్పి అమర్చే పని అదే దృశ్యశక్తిని వాడుకోవడం వల్ల ఆ భయం అంత లోతుగా నాటుకోదన్నది ఆ పరిశోధకుల ఆలోచన. ఇది చిన్న పరిశోధన, తొలి ప్రయత్నం. దీన్ని మందుగా రాసివ్వమని నేను అడగడం లేదు. ఆ సిస్టరు ఫోను ఇచ్చి ఉంటే నాకు తప్పకుండా మేలు జరిగేదనీ చెప్పలేను. అంత కష్టం దాటి వచ్చిన స్త్రీ పావుగంట ఒక ఆట అడిగితే, ఆ కోరికను బిడ్డ మీద ప్రేమ లేకపోవడంగా చూడవద్దని మాత్రమే అడుగుతున్నాను.

ఇంటికి వచ్చాక రాత్రుల గురించి తల్లులందరికీ తెలిసిందే. పసిబిడ్డ రోజుకు ఎనిమిది నుంచి పన్నెండుసార్లు పాలు తాగుతుంది. పాలు తాగే పాపను ఒళ్లో పెట్టుకుని, కునుకు పట్టి పాప మీదకి ఒరిగిపోతానేమోనన్న భయంతో, మా తమ్ముడు ఇచ్చిన నింటెండో స్విచ్ అనే చేతి ఆట పరికరంలో యానిమల్ క్రాసింగ్ అనే ఆట తెరిచేదాన్ని. ఆ ఆటలోని గడియారం మన గడియారంతోనే నడుస్తుంది. రాత్రి మూడు గంటలకు నా దీవిలోనూ రాత్రే. అంగడి మూసి ఉంటుంది, మెల్లని సంగీతం, అలల చప్పుడు తప్ప మరేమీ వినిపించదు. ఊరంతా నిద్రపోతున్న వేళ నేనొక్కదాన్నే మేలుకుని ఉన్నానన్న బెంగ ఆ చిన్న దీవి వల్ల ఎంత తగ్గిందో మాటల్లో చెప్పలేను. పాప కదిలితే ఒక మీట నొక్కి పక్కన పెట్టడమే, మళ్లీ తెరిస్తే ఆట ఎక్కడ ఆగిందో అక్కడే ఉండేది.

అయితే నాలుగో నెలలో ఒక రాత్రి, తెర నుంచి నీలం వెలుగు పాప నుదుటి మీద పడుతుండగా, పాప పాలు తాగడం ఆపి మెడ తిప్పి ఆ వెలుగు వైపు రెప్ప వేయకుండా చూసింది. నేను తెరను కొంచెం పక్కకు జరిపితే పాప కళ్లూ అటే జరిగాయి. ఆ క్షణాన దాన్ని ఆర్పి, పాలిచ్చేటప్పుడు మళ్లీ తెరవలేదు. రెండేళ్లు నిండని బిడ్డలకు తెర చూపవద్దని భారత శిశువైద్యుల సంఘం, ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పినవి అందరూ పాటించవలసినవే. నా ఆటను పాప నిద్రపోయిన తరువాతి అరగంటకు మార్చుకున్నాను. నిద్ర ముంచుకొస్తే ఆ అరగంటనూ వదులుకున్నాను, ఎందుకంటే బాలింతకు నిద్రను మించిన పథ్యం లేదు.

ఇప్పుడు ఆపలేని ఆట గురించి. మావారు రాత్రిళ్లు స్నేహితులతో కలిసి, వంద మంది ఒకేసారి మైదానంలో దిగి చివరిదాకా మిగిలినవారే గెలిచే ఆట ఆడేవారు. పెళ్లయిన కొత్తలో నేనూ వారితో ఆడినదాన్నే. ఎనిమిదో నెలలో బాత్రూముకు కూడా లేవనివ్వని ఆట నాకెందుకని మానేశాను. పాప పుట్టిన నలభయ్యో రోజున, నాకు జ్వరంగా ఉన్న రాత్రి, ఉయ్యాలలో పాప గుక్కపట్టి ఏడుస్తుంటే పక్క గదిలోంచి "ఒక్క అయిదు నిమిషాలు" అన్న మాట మూడుసార్లు వినిపించింది. ఆయన చెడ్డవారు కారు. మధ్యలో వదిలేస్తే జట్టులోని మిగతా ముగ్గురి ఆటా దెబ్బతింటుంది, ఆ ఆట తీరే అంత. కుట్లు లాగుతుండగా నేనే లేచి వెళ్లి పాపను ఎత్తుకున్నాను. మరునాడు మా అమ్మా, అత్తగారూ ఇద్దరూ "పాపం, ఆఫీసు అలసట" అని ఆయన్ను సమర్థించారు. అంతకు ముందు వారమే, పాప నిద్రపోతుండగా నేను పది నిమిషాలు ఆడినందుకు "తల్లివయ్యాక కూడా ఈ పిల్లచేష్టలేమిటి" అని నన్ను మందలించినవారు కూడా వారే. నన్ను బాధించింది ఆట కంటే ఈ తేడా.

ఆ రోజే మావారితో కూర్చుని మాట్లాడాను. పాప రాత్రంతా నిద్రపోయేదాకా మా ఇంట్లో ఎవరూ ఆపలేని ఆట ఆడకూడదని ఇద్దరం ఒప్పుకున్నాం. పాలు నేనిచ్చినా, తేన్పు తీయించడం, డైపర్ మార్చడం, జోకొట్టడం రాత్రి రెండు గంటల వరకు ఆయన పని, తరువాత నాది. ఆయన ఆ మాట నిలబెట్టుకున్నారు. 2017 సవరణతో ప్రసూతి సెలవు 26 వారాలకు పెరిగింది కాని, ప్రైవేటు ఉద్యోగం చేసే తండ్రికి సెలవు ఇచ్చి తీరాలన్న చట్టం నేటికీ లేదు. అలాంటప్పుడు తండ్రి రాత్రులను ఎలా గడుపుతున్నాడన్నది కూడా మహిళల పేజీలో రాయవలసిన విషయమే.

బొటనవేలి సంగతి ఒకటి చెప్పాలి. పాపను చంకల కింద చేతులు వేసి ఎత్తడం, ఆపైన ఆట పరికరం పట్టుకోవడం, రెండూ కలిసి నా కుడి మణికట్టు పక్కన నరం లాగినట్టు నొప్పి పుట్టింది. బొటనవేలిని పిడికిట్లో ముడిచి చేతిని చిటికెనవేలి వైపు వంచమని డాక్టరు అడిగితే కళ్లలో నీళ్లు తిరిగాయి. డీ క్వెర్వేన్ అంటారట దాన్ని. బాలింతలకు తరచుగా వచ్చేదేనని, కొన్ని వారాలు పట్టీ కట్టుకుని ఆట ఆపమని చెప్పారు, ఆపాను. ఇలాంటి నిజమైన హెచ్చరికలు ఎంత వివరంగా రాసినా చదువుతాం.

ఆట వ్యసనంగా మారదని కూడా నేను అనడం లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని 2019లోనే రోగాల పట్టికలో చేర్చింది. ఆపాలనుకున్నా ఆపలేకపోవడం, మిగతా బతుకంతా దాని వెనక్కి పోవడం, నష్టం కళ్లకు కనబడుతున్నా కొనసాగించడం ఆ జబ్బు లక్షణాలు. బిడ్డ నిద్రపోయినా తల్లికి నిద్ర పట్టకపోయినా, దేని మీదా మనసు నిలవక ఆటలోనే దాక్కుంటున్నా ఆమెకు కావలసింది తిట్లు కాదు, చికిత్స. మన నగరంలోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో అతిగా ఆడేవారి కోసం 2014 నుంచి షట్ క్లినిక్, మానసికంగా కుంగిన తల్లిని బిడ్డతో సహా చేర్చుకునే విభాగం 2009 నుంచి పనిచేస్తున్నాయి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైను టెలిమానస్ 14416కు ఫోను చేస్తే తెలుగులోనూ మాట్లాడతారు. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం సైతం డబ్బు పెట్టి ఆడేవాటిని నిషేధించి, ఇ-స్పోర్ట్స్ అనే పోటీ ఆటలను, మామూలు ఆటలను వేరుగా చూసింది. అంతమాత్రపు విచక్షణ మీ వ్యాసంలోనూ ఉండవలసింది.

మా తోడికోడలు ఆ పేపరు చూసిన రోజునే తన ఆట పరికరాన్ని బీరువాలో పెట్టేసింది. నెల తప్పినప్పటి నుంచి ఒంటరిగా గదిలో ఉండే పిల్ల, సాయంత్రాలు ఊళ్లో ఉన్న తన చెల్లెలితో కలిసి దాని మీద ఆడుతూ నవ్వేది. ఇప్పుడు గోడ వైపు తిరిగి పడుకుంటోంది. దయచేసి ప్రసూతి వైద్యులను, ఫిజియోథెరపిస్టులను, నిమ్హాన్స్ నిపుణులను అడిగి, ఎంతసేపు, ఎలా కూర్చుని, ఏ ఆటలు ఆడవచ్చో, ఎప్పుడు ఆపాలో, తండ్రులు ఏం చేయాలో వివరంగా మరొక వ్యాసం వేయండి. దాన్ని మహిళల పేజీలోనే, అంతే పెద్ద అక్షరాలతో వేయండి. మా అత్తగారు చదివేది ఆ పేజీయే.

ఇట్లు,
మీ పాఠకురాలు,
మారతహళ్లి, బెంగళూరు