సర్పగంధకి కూడా టిష్యూ కల్చర్ కావాలి

ఎడిటర్ గారికి నమస్కారం. సర్పగంధ అనే ఔషధ మొక్కలో మందు ఎక్కువుండేది వేరులో, దానికోసం మొక్క మొత్తం పీకేస్తుంటే అడవిలో ఇంకేం మిగులుతుంది చెప్పండి. బీపీకి వాడిన రిసర్పిన్‌ని 1952లో ఆ వేరులోంచే తీశారు. అదే టిష్యూ కల్చర్‌లో అయితే తల్లిమొక్కని చంపక్కర్లేదు, చిన్న కణుపు ముక్క కోసి, శుభ్రంచేసి, పంచదార, లవణాలు, హార్మోన్లు కలిపిన అగర్ జెల్లీ మీద సీసాలో పెడితే కొన్ని వారాలకి పిలకలొస్తాయి, వాటిని విడదీసి మళ్లీ పెంచుకోవచ్చు. అసలు కష్టం బయటికి తీశాకే, మన విశాఖ ఎండకి ఆ లేత ఆకులు ఇట్టే వాడిపోతాయి, షేడ్‌నెట్ కింద మెల్లగా అలవాటు చెయ్యాలి. అరటి రైతులకి ఇలాంటి మొక్కలు ఎప్పట్నుంచో దొరుకుతున్నాయి కదా, పాడేరు, అరకు గిరిజన రైతులకి సర్పగంధ మొక్కలు కూడా సబ్సిడీ మీద ఇవ్వాలని అధికారుల్ని కోరుతున్నా, వేర్లు కొనేవాళ్లెవరో ముందే చూపించి మరీ ఇవ్వాలి.

- ఒక పాఠకురాలు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం